చెవిలో గింజ, కంటికి నిద్ర

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని పెద్దలన్న మాట పాఠకులెరిగినదే. అయితే ఆ మాట అన్న పెద్దలెవరూ మా బండ్రిలో రోడ్డు పక్క ఇంటిలో పండుకొని ఉండరని మా నమ్మకము.

మాది సండూరు తాలూకా. ఇనుపరాతి కొండల సీమ. సండూరు సంస్థానం 1949లో మదరాసు రాష్ట్రంలో కలియడమూ, 1953 అక్టోబరు 1న బళ్లారితోపాటు మైసూరు రాష్ట్రంలో చేరడమూ మా నాయన చెప్పే ముచ్చట్లు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము. రాత్రి మాత్రము లారీల భాష ఒక్కటే. 2011లో సుప్రీంకోర్టు బళ్లారి గనులను ఆపించినప్పుడు రాత్రులు నిశ్శబ్దమైనవి. కాని పనులు పోయి అనేకులకు ఆ నిశ్శబ్దములో నిద్రే పట్టలేదు. గనులు తిరిగి సాగినవి, లారీలూ తిరిగినవి. అందుచేత ఆ చప్పుడును తిట్టడానికి మాకు నోరు రాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారము ఇండ్లున్నచోట రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు 45 డెసిబెళ్లు మించరాదు. నియమము కాగితము మీద ఉన్నది. లారీ రోడ్డు మీద ఉన్నది.

పొద్దున పదింటికి ఆఫీసులో లెక్కలు తప్పకుండా వేయవలసినవారము కనుక, మేమూ అందరివలె తీగలేని ఇయర్ బడ్స్ కొన్నాము. మా నాయన వాటిని గింజలంటాడు. ఆ పేరే మా ఇంట స్థిరపడినది. రెండు జతలు మార్చిన మీదట తెలిసిన సంగతులు నాలుగు ఇక్కడ చెబుతున్నాము.

మొదటిది ఆకారము. మేము ముందు కొన్నది చెవి నుండి కాడ క్రిందికి దిగే రకము. పగలు బాగానే ఉన్నది. రాత్రి ప్రక్కకు ఒత్తిగిలగానే దిండు ఆ కాడను లోనికి నెట్టినది. తెల్లవారేసరికి చెవి ఎఱ్ఱబారినది. చెవి డొప్పలో ఉన్నది మెత్తని ఎముక, దానిపై పలుచని చర్మము. రాత్రంతా ఒత్తిడి పడితే పుండు కావచ్చును. వెల్లకిల పండుకొనేవారికి ఏ రకమైనా ఫరవాలేదు. ప్రక్కకు పండుకొనేవారు కాడలేని చిన్నవి, చెవి డొప్పలో పూర్తిగా ఇమిడేవి చూడవలెను. అంగడిలోనే పరీక్ష చేయవచ్చును. గింజ పెట్టుకొని, అరచేతిని దిండు వలె చెవికి అదిమి రెండు నిమిషాలు ఉండండి. అరచేతికి గింజ తగిలితే అది నిద్రకు పనికిరాదు.

రెండవది తొడుగు. పెట్టెలో సాధారణముగా చిన్న, మధ్య, పెద్ద అని మూడు కొలతల మెత్తని తొడుగులుంటవి. చాలామంది పెట్టెలో బిగించి వచ్చినదానితోనే సరిపెట్టుకొంటారు. మూడూ పెట్టి చూడవలెను. కుడిచెవికొక కొలత, ఎడమచెవికొక కొలత సరిపోయినా వింత కాదు. చెవిలోని గుబిలి తనంతట తానే వెలుపలికి వస్తుంది. రాత్రంతా బిరడా బిగిస్తే లోనే నిలిచిపోతుంది. కనుక తొడుగులు తరచుగా తుడవవలెను, వారానికి రెండు రాత్రులైనా చెవికి సెలవు ఇవ్వవలెను. చెవిపోటు, చీము ఉన్నవారు డాక్టరు నడగనిదే పెట్టుకొనరాదు.

మూడవది చప్పుడును అణచే ఉపాయము. కొన్ని రకాలలో చిన్న మైకు బయటి చప్పుడును విని, దానికి ఎదురు అలను పుట్టిస్తుంది. రెండూ కలిసి ఒకదానినొకటి చల్లార్చుకొంటవి. ఫ్యాను హోరు, దూరపు ఇంజను గురగుర వంటి ఎడతెగని చప్పుళ్లకిది బాగా పనిచేస్తుంది. కుక్క మొరుగుకూ హారను మోతకూ అంతగా పనిచేయదు. వాటికి చెవిని సరిగా మూసే తొడుగే దిక్కు. చప్పుడు తగ్గితే చాలు, పాట అక్కరలేదనేవారికి మందుల అంగడిలో దొరికే స్పాంజి బిరడాలు ఎంతో చవుక.

నాలుగవది చిన్న చిన్న చికాకులు. దిండు తగిలితే పాట మొదలయ్యే గింజలున్నవి. తాకుడు మీటను ఆపివేయడానికి వీలున్నదో లేదో అడగండి. అర్ధరాత్రి బ్యాటరీ అయిపోయినదని చెవిలో ఇంగ్లీషులో ప్రకటించే గింజలూ ఉన్నవి. మేము వానివల్లనే రెండుమార్లు లేచి కూర్చున్నాము. పెట్టెపై బి.ఐ.యస్. ముద్ర చూడండి. చార్జి పెట్టెను దిండు క్రింద ఉంచి చార్జి చేయకండి.

ధ్వని సంగతి మరువరాదు. పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రాత్రికి 7 గంటల వంతున లెక్క వేస్తే వారానికి 49 గంటలు! గుమాస్తా లెక్క గదా, తప్పదు. కనుక బహు సన్నగా పెట్టి, అరగంటలో తనంతట ఆగిపోయేటట్లు ఫోనులో గడువు పెట్టుకోవలెను.

ఇక అసలు సంగతి. ఒక రాత్రి రెండు చెవులా గింజలు పెట్టుకొని, చాలా దినాల తరువాత హాయిగా నిద్రపోయినాము. ఇంటావిడ పుట్టింటికి వెళ్లియున్నది. తెల్లవారుజామున లేచి చూతుము గదా, నాయన నడవలో గోడకానుకొని నేలమీద కూర్చొని ఉన్నాడు. మంచినీళ్లకు లేచి కాలు జారినాడట. ఎముక విరగలేదు. ఎంతసేపయినదని అడిగితే, "నీకు నిద్ర పట్టింది కదరా, పోనీలే" అన్నాడు.

తరువాత ఆ పెట్టె మూత చాలా రోజులు తీయలేదు. పిమ్మట ఒక చెవికే పెట్టి చూచినాము. ప్రక్కకు తిరిగితే రెండవ చెవిని దిండే మూసివేసినది! చివరకు ఆఫీసులోని కుర్రవాడొకడు దారి చూపినాడు. నాయన బొత్తాల ఫోనులో 2వ అంకెను నొక్కిపట్టితే మా ఫోనుకు పిలుపు వచ్చేటట్లు అమర్చినాము. మా ఫోనులో రాత్రి పూట ఆ ఒక్క నంబరుకే అనుమతి. పిలుపు గింజలోనే మ్రోగుతుంది; గింజకు చార్జి అయిపోతే ఫోనే మ్రోగుతుంది. నిద్ర కొరకే చేసిన గింజలలో వాన చప్పుడు, ఏటి చప్పుడు తప్ప వేరేమీ వినిపించనివి ఉన్నవి. బోసు కంపెనీ 2018లో తెచ్చినవి ఆ మాదిరివే. ఇంటిలో ముసలివారో, పసిబిడ్డలో ఉన్నవారు మాత్రము పిలుపు వినిపించే రకమునే తీసుకొనవలెను. గింజ ఎంత మెత్తనిదో చూచేముందు, దాన్ని దాటి మనల్ని చేరవలసిన గొంతు ఎవరిదో చూచుకోవలెను.

మొదటి వారమంతా రాత్రికొకసారి పిలుపు వచ్చేది. పరుగెత్తి పోతే నాయన దీపము వేసుకొని కూర్చొని ఉండేవాడు.

"ఏమీ లేదురా. పలుకుతుందో లేదో చూస్తిని, అంతే. పోయి పండుకో."