ఇంజను ఊపిరి

ప్రాణికి ఊపిరి ఎటువంటిదో ఇంజనుకు గాలి అటువంటిది. ఇంధనం తనంతట తాను మండదు. దానికి గాలిలోని ప్రాణవాయువు తోడు కావాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి అవసరం. ఈ లెక్కన ఒక లీటరు పెట్రోలు ఖర్చయ్యేసరికి ఇంజను దాదాపు 9,000 లీటర్ల గాలిని పీల్చుకుంటుంది. ఇంత గాలీ బానెట్ కింద ఉండే ఒక చిన్న పెట్టెలోని ఎయిర్ ఫిల్టరు గుండానే లోపలికి పోవాలి. ఆ పెట్టెను, ఫిల్టరును, ఇంజను వైపు సాగే గొట్టాన్ని కలిపి ఎయిర్ ఇన్‌టేక్ అంటారు. కారుతో వచ్చిన ఇన్‌టేక్‌ను తీసివేసి, బజారులో దొరికే మరొకదానిని అమర్చుకుంటే కారు శక్తి పెరుగుతుందని చాలామంది యువకుల నమ్మకం. టర్బో కార్ల విషయంలో ఈ నమ్మకం మరింత బలంగా ఉన్నది. అందులో నిజమెంతో తెలుసుకోవాలంటే ముందుగా టర్బో పనితీరును గ్రహించాలి.

సాధారణమైన ఇంజను తాను పీల్చగలిగినంత గాలినే పీలుస్తుంది. టర్బో ఇంజనులో అలా కాదు. బయటికి పోయే పొగ వేగానికి ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు రెండవ కొసన ఉన్న మరొక చక్రం బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి నెడుతుంది. ఆ చక్రాలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలవు. స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు పొందాడు. 1962లో అమెరికాలో టర్బో అమర్చిన ప్రయాణికుల కార్లు అమ్మకానికి వచ్చాయి. భారతదేశంలో 2017లో విడుదలైన టాటా నెక్సాన్ వంటి వాహనాలతో చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లు మధ్యతరగతి కుటుంబాలకు కూడా చేరువయ్యాయి.

బజారులో లభించే ఇన్‌టేక్‌లు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది, పాత పెట్టెలోనే ఇమిడిపోయే మెరుగైన ఫిల్టరు. రెండవది, పెట్టెను తొలగించి గొట్టం కొసకు బిగించే శంఖువు ఆకారపు ఫిల్టరు. మూడవది, ప్రత్యేకమైన పెట్టెతోనూ గొట్టంతోనూ కూడిన పూర్తి అమరిక. వీటిలో మొదటిది సాధారణంగా చవక, మూడవది ఖరీదైనది. చూపులను ఆకర్షించేది మాత్రం రెండవదే. ఎంపికలో పొరపాటు జరిగేది కూడా ఎక్కువగా అక్కడే.

శంఖువు ఫిల్టరు బిగించగానే టర్బో గాలిని పీల్చే శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. శబ్దం పెరిగింది కనుక శక్తీ పెరిగిందని చెవి నమ్ముతుంది. కాని టర్బో ఎంత ఒత్తిడి కల్పించాలో నిర్ణయించేది ఇంజనును నియంత్రించే కంప్యూటరు. గాలి కొంత సులువుగా వచ్చినంత మాత్రాన అది ఆ హద్దును పెంచదు. అదే ఒత్తిడిని చేరుకోవడానికి టర్బో పడే శ్రమ మాత్రం కొద్దిగా తగ్గుతుంది. అందువల్ల కంప్యూటరు అమరికను మార్చని కారులో కలిగే లాభం స్వల్పం.

ఇక వేడి సంగతి. 20 డిగ్రీల గాలి 55 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు పదోవంతు తగ్గుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మండువేసవిలో బయటి గాలే 45 డిగ్రీలకు చేరుతుంది. బానెట్ కింద వేడి అంతకు మించి ఉంటుంది. పెట్టె లేని ఫిల్టరు ఆ వేడిగాలినే పీలుస్తుంది. టర్బో ఒత్తిడికి అది ఇంకా వేడెక్కుతుంది. దానిని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ ఉన్నప్పటికీ దానిపై భారం పెరుగుతుంది. పలు కార్లలో తయారీదారులు అమర్చిన పెట్టె ముందుభాగం నుండి చల్లని గాలిని తీసుకునే విధంగానే ఉంటుంది. అట్టి పెట్టెను తీసివేయడమంటే ఉన్న సౌకర్యాన్ని పోగొట్టుకోవడమే.

వేడి కంటె ప్రమాదకరమైనది దుమ్ము. మట్టిరోడ్లపై, కంకర క్వారీల పరిసరాలలో లేచే ధూళిలో గట్టి ఇసుక రేణువులు ఉంటాయి. వాటిని సరిగా ఆపలేని ఫిల్టరు టర్బో రెక్కలనూ సిలిండరు గోడలనూ మెల్లమెల్లగా అరగదీస్తుంది. ఈ నష్టం ఒక్కరోజులో కనిపించదు. కనిపించేనాటికి మరమ్మతు ఖర్చు ఫిల్టరు ధరకు ఎన్నో రెట్లవుతుంది. ఫిల్టరు ఎంత దుమ్మును ఆపుతుందో, గాలికి ఎంత అడ్డు పడుతుందో పరీక్షించడానికి ఐఎస్‌ఓ 5011 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. ఆ పరీక్షా ఫలితాలను ప్రకటించిన ఫిల్టరును ఎంచుకోవడం మేలు. మెరిసే గొట్టాన్ని మాత్రమే చూసి కొంటే పైన పటారం, లోన లొటారం అన్న సామెత నిజమవుతుంది.

కొన్ని కార్లలో లోనికి వచ్చే గాలిని కొలిచే సెన్సారు ఈ గొట్టంలోనే ఉంటుంది. 70 మిల్లీమీటర్ల గొట్టానికి బదులు 80 మిల్లీమీటర్ల గొట్టం పెడితే గాలి దారి సుమారు 30 శాతం విశాలమవుతుంది. అప్పుడు గాలి నెమ్మదిగా సాగి, సెన్సారు దానిని తక్కువగా లెక్కిస్తుంది. ఇంజనుకు చాలినంత పెట్రోలు అందదు. టర్బో ఇంజనుకు అది హానికరం. నూనె పూసి వాడే ఫిల్టర్లలో నూనె ఎక్కువైనా సెన్సారు పాడయ్యే అవకాశం ఉన్నది.

కనుక తక్కువ ఖర్చుతో మేలు కోరేవారు ఒక క్రమాన్ని పాటించడం మంచిది. మొదట పాత ఫిల్టరు మూసుకుపోయిందేమో, గొట్టాలకు పగుళ్లున్నాయేమో, బిగింపులు వదులయ్యాయేమో చూడాలి. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కరలేదు. కొత్త కాగితపు ఫిల్టరుతోనే కారు మునుపటి చురుకుదనం పొందవచ్చు. అంతకు మించి కావాలనుకుంటే పాత పెట్టెలో ఇమిడే నాణ్యమైన ఫిల్టరు తగినది. పూర్తి అమరికే కోరేవారు అది తమ కారు నమూనాకే తయారైనదా, మూతగల పెట్టె ఉన్నదా, సెన్సారు వద్ద గొట్టం కొలత మారలేదా అని విచారించాలి. వారంటీ షరతులను ముందే చదువుకోవాలి.

ఇన్‌టేక్ చేయవలసిన పనులు రెండు: గాలిని రానివ్వడం, దుమ్మును ఆపడం. మొదటి పని ఎంత బాగా చేస్తున్నదో శబ్దం చాటుతుంది. రెండవ పని ఎంత బాగా చేస్తున్నదో చెప్పే శబ్దమేదీ లేదు. ఇంజను ఆయుష్షు మాత్రం ఆ రెండవ పని మీదనే ఆధారపడి ఉన్నది.