స్టార్ ఫిష్‌ని తీసేస్తే రాయి మీద ఏం మిగిలింది?

సముద్రపు ఒడ్డున రాళ్లకు గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉండే ఆల్చిప్పల్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఇంగ్లీషులో మస్సెల్స్ అంటారు. విశాఖపట్నం తీరంలో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు పచ్చ రంగు రకం కనబడుతుంది, పక్కనే నాచు కూడా. చూడ్డానికి అంతా ప్రశాంతమే. కానీ అక్కడ తిండి కోసం, జాగా కోసం రోజూ కొట్లాటే. ఈ సంగతి బాగా బయటపడింది మాత్రం అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ తీరంలో.

ముందు ఎవరు ఏం తింటారో చూద్దాం. ఆల్చిప్ప వేటాడదు. దారాల్లాంటి పోగులతో రాయికి కట్టుకుని, చిప్ప కొంచెం తెరిచి నీళ్లు లోపలికి లాగుతుంది. అందులోని కంటికి కనబడని మొక్కల్ని, చితికిన నాచు తునకల్ని వడగట్టి తింటుంది, మన చాయ్ జాలీ లాగా. నాచుకు ఎండ కావాలి, పట్టుకోడానికి రాయి కావాలి. ఆ నాచును గీరి తినేవి టోపీ ఆకారంలో ఉండే లింపెట్ నత్తలు, కైటన్లు. ఇక ఆల్చిప్పను తినేది స్టార్ ఫిష్. పేరుకు ఫిష్ గానీ అది చేప కాదు. దాని భోజనం తీరే వేరు! చిప్పను పట్టి లాగి, వెంట్రుకంత సందు దొరికితే చాలు, తన పొట్టనే బయటికి తీసి లోపలికి దూర్చి, అక్కడే అరిగించుకుంటుంది.

1963లో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త ఆ తీరంలో 8 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తున్న రాతి భాగాన్ని ఎంచుకున్నారు. అక్కడి స్టార్ ఫిష్‌లను ఏరి సముద్రంలోకి విసిరేయడం మొదలుపెట్టారు. మళ్లీ వస్తే మళ్లీ విసిరేశారు. పక్కనున్న రాతిని మాత్రం ముట్టుకోలేదు.

కొన్ని నెలల్లోనే బార్నకిల్స్ ఆ జాగాను ఆక్రమించాయి. తర్వాత ఆల్చిప్పలు వాటినీ నొక్కేస్తూ కిందికి పాకాయి. నాచుకు రాయి దొరకలేదు. నాచు లేక లింపెట్లు, కైటన్లు కూడా పోయాయి. ఇక్కడే అసలు విషయం ఉంది. వీటిలో చాలావాటిని స్టార్ ఫిష్ పెద్దగా తినేదే కాదు. అయినా అది లేకపోయేసరికి వాటికీ బతుకు లేకుండా పోయింది. మొదట 15 రకాల జీవులుంటే చివరికి 8 మిగిలాయి.

అలాగని ఆల్చిప్పను విలన్ చేయక్కర్లేదు. దాని గుత్తుల సందుల్లో పురుగులు, పీతపిల్లలు, చిన్న నత్తలు ఎన్నో తలదాచుకుంటాయి. రాయంతా దానిదే అయినప్పుడే చిక్కు.

1969లో పెయిన్ ఇలాంటి జీవికి "కీస్టోన్" అని పేరు పెట్టారు. పాత దర్వాజాల కమాను చూశారుగా? పైన నడిమధ్యన ఒక రాయి ఉంటుంది. అది ఊడితే మిగతా రాళ్లు నిలబడవు.

2013 నుంచి అదే పసిఫిక్ తీరం పొడవునా స్టార్ ఫిష్‌లకు జబ్బు పట్టుకుంది. ఒంటి మీద పుళ్లు లేచి, చేతులు ఊడి, కరిగిపోయినట్టు చచ్చాయి. ఈసారి ఎవరూ ఏరి విసిరేయలేదు. అయినా కొన్ని చోట్ల ఆల్చిప్పలు మళ్లీ కిందికి పాకడం మొదలుపెట్టాయి.