కరీబియన్ తెరచాపలు మన తీరంలో ఎందుకు లేవు? బిలాస్‌పూర్‌కు దీనితో పనేమిటి?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు కుటుంబాలకు సముద్రం అంటే విశాఖే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ తెలుగువాళ్లు ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడ్డ ఊరిది. ఇప్పుడు ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. సెలవులు వస్తే కోర్బా-విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు, బీచ్‌లో కాళ్లు తడుపుకుని తిరిగొస్తారు. యాట్‌లో వారం రోజులు దీవుల మధ్య తిరగడం వీడియోల్లో చూసే కరీబియన్ సంగతి, డబ్బున్నవాళ్ల సరదా.

డబ్బు మాట నిజమే. కానీ కరీబియన్‌ను యాట్‌ల కేంద్రంగా మార్చింది డబ్బు ఒక్కటే కాదు, అక్కడి భూగోళం కూడా.

గాలి పక్క నుంచి వీస్తే

వర్జిన్ దీవుల నుంచి గ్రెనడా దాకా చిన్న దీవులు విల్లులా వరుసకట్టి ఉంటాయి. సెయింట్ విన్సెంట్, గ్రెనడాల మధ్య సుమారు 100 కిలోమీటర్లలోనే బెక్వే, కనువాన్, యూనియన్, కారియాకూ వంటి దీవులున్నాయి. ఉదయం ఒకచోట లంగరు ఎత్తితే మధ్యాహ్నానికి మరో దీవి చేరొచ్చు.

డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడ వ్యాపార పవనాలు తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి నిలకడగా వీస్తాయి. దీవులేమో ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. అంటే ఒక దీవి నుంచి మరో దీవికి వెళ్లే పడవకు గాలి పక్క నుంచి తగులుతుంది. తెరచాప పడవకు ఇది బాగా అనువైన గాలి. నేరుగా గాలికి ఎదురు వెళ్లడం ఏ తెరచాపకూ సాధ్యం కాదు, అటూ ఇటూ మెలికలు తిరుగుతూ వెళ్లాల్సిందే. ఆటుపోట్ల తేడా కూడా అక్కడ చాలా తక్కువ. దీవుల పడమటి వైపు గాలి మరుగున లంగరు వేసుకోవచ్చు. సిబ్బంది లేకుండా పడవను మాత్రమే అద్దెకిచ్చే వ్యాపారం అక్కడ పెరగడానికి ఇవన్నీ కారణాలే.

ఆ సుఖానికీ గడువుంది. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు హరికేన్ల కాలం. 2024 జూలై 1న బెరిల్ హరికేన్ కారియాకూను తాకి దీవిలోని ఇళ్లను చాలావరకు దెబ్బతీసింది. రక్షణ కోసం మడ అడవుల మధ్య కట్టేసిన యాట్‌లు కూడా ధ్వంసమయ్యాయి.

బంగాళాఖాతం తీరు వేరు

మన దగ్గర గాలి రుతువును బట్టి దిక్కే మార్చుకుంటుంది. వేసవిలో, తిరిగి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో తెలిసిందే. ఆంధ్ర తీరం చాలావరకు తిన్నగా ఉంటుంది, నదీముఖాల్లో ఇసుక మేటలు. దీవుల వరుస కావాలంటే అండమాన్ వెళ్లాలి. విశాఖ నుంచి అది వెయ్యి కిలోమీటర్లకు పైనే. యాట్‌లు ఆగే మెరీనాలు దేశం మొత్తంలో కొద్దిగానే ఉన్నాయి. మనవాళ్లకు ధైర్యం లేక కాదు, దారి పొడవునా ఆగడానికి చోటు లేక.

ధైర్యం సంగతి ‘తారిణి’ తేల్చింది. గోవాలో కట్టిన ఈ నౌకాదళ తెరచాప పడవ 2017 సెప్టెంబరు 10న బయల్దేరి 254 రోజుల్లో భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చింది. నడిపింది ఆరుగురు మహిళా అధికారులు. వారిలో ఇద్దరు తెలుగువాళ్లు: విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య.

మిగతా నలుగురి ఊళ్లు చూడండి. కెప్టెన్ వర్తికా జోషిది ఉత్తరాఖండ్. పాయల్ గుప్తాదీ అదే రాష్ట్రం. ప్రతిభా జమ్వాల్‌ది హిమాచల్, విజయాదేవిది మణిపూర్. అంటే ఆరుగురిలో సముద్రపు ఒడ్డు ఊరి నుంచి వచ్చింది స్వాతి ఒక్కరే.

చెరువులో నేర్చిన విద్య

తెరచాప నడపడం సాధారణంగా సముద్రంలో మొదలు కాదు. ఒకరిద్దరు పట్టే చిన్న డింగీతో నిశ్చలమైన నీటిలో మొదలవుతుంది. గాలి దిక్కు గమనించడం, చుక్కాని పట్టడం, పడవ బోల్తా పడితే తిరగేసి ఎక్కడం అక్కడే నేర్పుతారు. హైదరాబాద్ పిల్లలకు హుస్సేన్‌సాగర్ ఉంది. భోపాల్ పెద్ద చెరువు మీద జాతీయ సెయిలింగ్ స్కూల్ నడుస్తోంది. అక్కడ శిక్షణ పొందిన నేహా ఠాకూర్ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. ఆమెది మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లా, రైతు కుటుంబం. 2000 నవంబరు దాకా బిలాస్‌పూర్ కూడా అదే రాష్ట్రంలో ఉండేది.

బిలాస్‌పూర్‌కు పొరుగున కోర్బా జిల్లాలో హస్‌దేవ్ బాంగో జలాశయం ఉంది. సత్‌రెంగా, బుకాల దగ్గర పర్యాటకులను మోటారు పడవల్లో తిప్పుతున్నారు. దీవుల్లా తేలే గుట్టల మధ్య తిరిగి, ఫొటోలు తీసుకుని వస్తారు. అక్కడ పర్యాటకులు ఎక్కి కూర్చోవడమే తప్ప నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఈ తేడా చిన్నది కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో పర్యాటకుల పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. 2021 నాటి దేశీయ నౌకల చట్టం పడవలకు రిజిస్ట్రేషన్, తనిఖీ, భద్రతా పరికరాలు తప్పనిసరి చేసింది. పడవ ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు నలుగురు ఎక్కితేనే ఆ చట్టానికి ఒడ్డున పని పడుతుంది. ‘ఈ గాలిలో వద్దు’ అని వాళ్లు చెప్పగలరు, లైఫ్ జాకెట్ ఏదని అడగగలరు.

శిక్షణ మొదలుపెట్టడానికి యాట్‌లు అక్కర్లేదు. కొన్ని డింగీలు, రక్షణకు ఒక మోటారు పడవ, అర్హత ఉన్న కోచ్, లోతు సర్వే చేసి గుర్తులు పెట్టిన నీళ్లు కావాలి. నీళ్లు బాంగోలో ఉన్నాయి. మిగతావి ఛత్తీస్‌గఢ్ పర్యాటక, క్రీడా శాఖలు సమకూర్చాల్సినవి.