ఫిట్స్‌కు యాంటీఆక్సిడెంట్లు మందవుతాయా?

"ఒరేయ్, పిల్లాడి మాత్రలు ఆపేయరా. యాంటీఆక్సిడెంట్ గుళికలు వేస్తే ఫిట్సే రావట. వీడియో పంపాను, చూడు" అంటూ పోయిన నెల ఒంగోలు నుంచి అమ్మ ఫోన్ చేసింది.

మూడేళ్ల క్రితం లండన్‌లో, మా ఇంట్లోనే మా అబ్బాయికి తొలిసారి ఫిట్స్ వచ్చాయి. అప్పుడు వాడికి పదకొండేళ్లు. ఆ రోజు నుంచి రెండుపూటలా మాత్రలే. 14 నెలలుగా మళ్లీ రాలేదు. అయినా అమ్మ భయం అమ్మది. కొట్టిపారేయకుండా, అందులో నిజమెంతో వెతికాను. నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ వాణ్ని. చదివిందీ, మా డాక్టర్ని అడిగి సరిచూసుకుందీ చెబుతున్నాను.

ఫిట్స్ వచ్చినప్పుడు మెదడులో గ్లూటమేట్ అనే రసాయనం ఎక్కువై, నాడీకణాల్లోకి కాల్షియం చొరబడుతుంది. దాంతో ఫ్రీ రాడికల్స్ పుట్టుకొచ్చి కణాలను దెబ్బతీస్తాయి. అలా దెబ్బతిన్న మెదడులో మళ్లీ ఫిట్స్ వచ్చే వీలు పెరుగుతుంది. ఈ గొలుసును తెంచాలన్నదే శాస్త్రవేత్తల ఆలోచన. ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. వారిలో సుమారు మూడో వంతు మందికి ఇప్పుడున్న మందులతో అది అదుపులోకి రావడం లేదు. అందుకే ఈ వెతుకులాట.

2018లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు ఎలుకలకు 'ఆర్‌టీఏ 408' అనే మందు ఇచ్చి చూశారు. కణాల్లోని సహజ రక్షణ వ్యవస్థను మేల్కొలిపే మందు ఇది. నాడీకణాల నష్టం తగ్గింది, తర్వాతి వారాల్లో ఫిట్స్ కూడా బాగా తగ్గాయి. ఒమావెలాక్సోలోన్ పేరుతో ఇదే మందును 2023లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది. అయితే ఫ్రైడ్రిక్ అటాక్సియా అనే అరుదైన నరాల జబ్బుకే, మూర్ఛకు కాదు.

ఎలుకల్లో ఫలించినవన్నీ మనుషుల్లో ఫలించవు. వాటిక్వినోన్ అనే మందునే చూడండి. మైటోకాండ్రియా లోపంతో ఫిట్స్ వచ్చే పిల్లలపై జరిగిన పరీక్షలో అది ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదని 2023లో తేలింది. ఇక దుకాణంలో దొరికే గుళికలు ఫిట్స్ మాత్రలకు బదులు కానే కావు.

అమ్మకు ఇదంతా చెప్పి, చివరికి ఒక్క మాట అన్నాను: "మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికే రావచ్చమ్మా."

మీ ఇంట్లోనూ ఈ సమస్య ఉంటే, ఏ గుళిక మొదలుపెట్టాలన్నా, ఏ మాత్ర తగ్గించాలన్నా ముందు డాక్టర్ని అడగండి. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. కొట్టుకోవడం ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటితే ఇక్కడైతే 999కి, మన ఊళ్లోనైతే 108కి ఫోన్ చేయండి.

"సరేలే నాన్నా, వాడికి మాత్రలు వేళకు వెయ్యి" అంది అమ్మ. ఆ వీడియోను మాత్రం ఇంకెవరికీ పంపనని మాటిచ్చింది.