కోడి పొదుగుతానంటోందా?

గూట్లోంచి లేవదు. చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని పొడవడానికొస్తుంది. నాటుకోడి ఇలా చేస్తోందంటే పొదగడానికి సిద్ధమైనట్టే. గంపలో ఎండుగడ్డి పరిచి, పది పన్నెండు గుడ్లు పెట్టి, చీకటిపడ్డాక కోడిని కూర్చోబెట్టాలి. పుంజు తిరిగే మందలో పెట్టిన గుడ్లే కావాలి, అవీ వారంలోపువైతే మేలు.

గుడ్లన్నీ ఒకేరోజు పెట్టాలి. మధ్యలో మరో రెండు కలిపితే అవి దక్కవు. 21వ రోజుకల్లా పిల్లలు పెంకు పగలగొట్టుకుని వచ్చేస్తాయి. పొట్టలో మిగిలిన పచ్చసొనే వాటికి ఒకట్రెండు రోజులు ఆహారం. ఆ తర్వాత ఆకలేస్తుంది కాబట్టి తల్లి వాటిని వెంటేసుకుని మేతకు బయల్దేరుతుంది. ఆలస్యంగా పెట్టిన గుడ్లు అక్కడే చల్లబడి, లోపలి పిల్లలు చనిపోతాయి.

వారం తర్వాత చీకట్లో గుడ్డు వెనక టార్చిలైటు పెట్టి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల తయారవుతున్నట్టు. ఏమీ లేకుంటే తీసెయ్యొచ్చు. పొదిగే కోడి రోజుకోసారి మేతకు లేస్తుంది. గింజలు, నీళ్లు పక్కనే ఉంచితే త్వరగా తిరిగొస్తుంది.

హైదరాబాద్‌లో రూపొందించిన వనరాజా కోళ్లు సాధారణంగా పొదగవు. వాటి గుడ్లను పిల్లలు చేయాలన్నా పల్లెల్లో నాటుకోడి కిందే పెడతారు!