ఏ రోజు సంగతి ఆ రాత్రికే

1835 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చార్లెస్ డార్విన్ గలాపగోస్ దీవుల్లో అయిదు వారాలు గడిపాడు. దీవి తర్వాత దీవి తిరుగుతూ చిన్న చిన్న పిట్టలను సేకరించి ఓడకెక్కించాడు. ఏ పిట్ట ఏ దీవిదో మాత్రం చాలావాటికి రాసుకోలేదు. ఒకదానికొకటి కనిపించేంత దగ్గరగా ఉన్న దీవుల్లో వేర్వేరు జాతులు ఉంటాయని అప్పట్లో ఆయనకు తోచలేదు. 1837 జనవరిలో లండన్‌లో పక్షి శాస్త్రవేత్త జాన్ గౌల్డ్ ఆ పిట్టలను పరిశీలించి, అవన్నీ దగ్గరి బంధువులైన వేర్వేరు ఫించ్ జాతులని తేల్చాడు. దాంతో ఏ పిట్ట ఏ దీవిదన్నదే అసలు ప్రశ్న అయి కూర్చుంది. ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, డార్విన్ సహాయకుడు సిమ్స్ కోవింగ్టన్ విడిగా సేకరించిన పిట్టలకు దీవుల పేర్లతో చీటీలు ఉన్నాయి. డార్విన్ వాటిని అడిగి తెప్పించుకుని తన లెక్క సరిచూసుకోవలసి వచ్చింది.

అలాగని ఆయన రాయడానికి బద్ధకించే మనిషి కాడు. జేబు పుస్తకాలు నింపాడు, డైరీ రాశాడు, ఆ డైరీని విడతలు విడతలుగా ఇంటికి పంపాడు. అంతటివాడికే రాయని చోట జ్ఞాపకం అక్కరకు రాలేదు. 1839లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో సేకరణకు వెళ్లేవాళ్లకు ఆయన చెప్పిన సలహాల్లో ముఖ్యమైనది, దేన్నీ జ్ఞాపకానికి వదిలిపెట్టవద్దన్నదే.

సెలవులకు ఊళ్లు తిరిగే మనకు ఈ సంగతి ఇంకా బాగా వర్తిస్తుంది. ఇంటికి వెళ్లాక తీరిగ్గా రాసుకుందాం అనుకున్న యాత్ర దాదాపు ఎప్పుడూ అటకెక్కుతుంది. రాసినా, జరిగింది జరిగినట్టు రాయలేం. దీనికి కారణం మన మెదడు పనిచేసే తీరులోనే ఉంది.

మరుపును మొదట కొలిచినవాడు జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్. అర్థంలేని అక్షరాల గుంపులను బట్టీపట్టి, కొంతసేపయ్యాక వాటిని మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో లెక్కగట్టి, 1885లో ప్రకటించాడు. గంట తిరిగేసరికి సగానికి పైగా పోయింది. ఒక రోజు గడిచాక మిగిలింది మూడో వంతు. నెల తర్వాత అయిదో వంతు. మనం చూసిన ఊళ్లు అర్థంలేని అక్షరాలు కావు కాబట్టి ఇంత వేగంగా చెరిగిపోవు. కానీ మరుపు గీత వంపు మాత్రం అదే. పోయేదాంట్లో ఎక్కువ భాగం మొదట్లోనే పోతుంది, ఆ తర్వాత నష్టం నెమ్మదిస్తుంది. పదో రోజున రాయడానికీ ఇరవయ్యో రోజున రాయడానికీ పెద్ద తేడా ఉండదు. అదే రాత్రి రాయడానికీ మూడో రోజున రాయడానికీ మాత్రం చాలా తేడా ఉంది.

యాత్రలో ఇంకో చిక్కు కూడా ఉంది. చిదంబరం, కుంభకోణం, తంజావూరు, శ్రీరంగం, మదురై వరసగా చూసి వచ్చినవాళ్లను వారం తర్వాత అడగండి. ఏ గుడిలో ఏనుగు తొండంతో దీవించిందో, ఏ ప్రాకారంలో కాళ్లు కాలాయో కలగాపులగమైపోతుంది. దగ్గరి పోలికలున్న అనుభవాలు ఒకదాన్నొకటి మరుగుపరుస్తాయి. మెదడు వాటిలో ఉమ్మడిగా ఉన్నదాన్ని, పెద్ద గోపురాన్నీ రాతి మండపాన్నీ రద్దీనీ, నిలుపుకొని విడి వివరాలను జారవిడుస్తుంది. ఖాళీలు ఉన్నట్టు మనకు తెలియనివ్వదు, ఊహతో పూరిస్తుంది.

ఆ పూరించడం ఎంత నమ్మకంగా జరుగుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త అల్రిక్ నైసర్ చూపించాడు. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో మర్నాడే విద్యార్థుల చేత రాయించాడు. దాదాపు మూడేళ్లకు అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. 44 మందిలో 11 మంది చెప్పినదానికీ మొదట రాసినదానికీ ఒక్క పోలిక లేదు. చాలామంది తమ తాజా జ్ఞాపకమే నిజమని గట్టిగా నమ్మారు. సొంత దస్తూరీ కళ్లముందు పెట్టినా వాళ్ల పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. నా దృష్టిలో డైరీకి ఇంతకన్నా బలమైన సాక్ష్యం లేదు.

ఫొటోలు ఉన్నాయిగా, అంటారు. 2014లో మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులను ఒక మ్యూజియంలో తిప్పారు. కొన్ని వస్తువులను ఊరికే చూడమన్నారు, కొన్నిటిని ఫొటో తీయమన్నారు. మర్నాడు పరీక్షిస్తే, మొత్తం వస్తువును ఫొటో తీసినవాళ్లకు దాని వివరాలు తక్కువ గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మెదడు పని మానేసినట్టుంది. అయితే వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు ఈ నష్టం కనపడలేదు. మరికొందరి ప్రయోగాల్లో తమకు నచ్చినవి ఎంచుకుని ఫొటో తీసినవాళ్లకు కంటికి కనిపించినవి బాగానే గుర్తుండి, చెవిన పడ్డవి తగ్గాయి. గైడు చెప్పిన కథ, ఆటో డ్రైవరు మాట, పక్క సీటు పెద్దావిడ పాడిన పాట, ఇవి ఫొటోలో ఎలాగూ ఉండవు. రాయకపోతే ఇంకెక్కడా ఉండవు.

అందుకే రాత్రి రాసేటప్పుడు ముందు ఫోన్ గ్యాలరీ తెరవకండి. చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశాకే ఫొటోలతో సరిచూసుకోండి. గుర్తు తెచ్చుకునే శ్రమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె ప్రచురించిన ప్రయోగంలో ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్లకు వారం తర్వాత 42 శాతం గుర్తుంటే, ఒకసారి చదివి ఒకసారి చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది.

ఇక ఏం రాయాలి? డచ్చి శాస్త్రవేత్త విల్లెం వాగెనార్ ఆరేళ్లపాటు తన జీవితంలోని 2,400 పైచిలుకు సంఘటనలు రాసుకున్నాడు. ఒక్కోదానికీ ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అని నాలుగు గళ్లు. తర్వాత ఒక్కో గడి చూసుకుంటూ మిగతావి గుర్తొస్తాయేమో పరీక్షించుకున్నాడు. 1986లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో ఏం జరిగిందన్నది అన్నిటికన్నా పదునైన ఆనవాలు. తేదీ ఒక్కటే చూస్తే దాదాపు ఏమీ గుర్తుకు రాలేదు. మన డైరీల్లో చాలావాటికి తేదీ తప్ప గట్టి ఆనవాలు ఉండదు. "శ్రీశైలం వెళ్లాం. దర్శనం బాగా జరిగింది." ఈ రెండు వాక్యాలు ఏ ఏడు వెళ్లినా సరిపోతాయి. "మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు తెరవడానికి చీకట్లో ఆగాం. వెనక సీటులో పిల్లవాడు పులి వస్తుందా అని డ్రైవర్ని అడిగాడు. అది పడుకునే వేళరా అన్నాడాయన." ఇలా రాస్తే పదేళ్ల తర్వాత కూడా ఆ తెల్లవారుజాము మొత్తం లేచి వస్తుంది.

ఈ పద్ధతికి మనకు మంచి పెద్దదిక్కు ఉన్నాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. మజిలీ మజిలీకీ దారి ఎలా ఉందో, నీళ్లు, అంగళ్లు ఉన్నాయో లేవో, జనం ఎలా బతుకుతున్నారో రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపుతూ వచ్చాడు. పిళ్లె వాటిని 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించాడు. అప్పటికే వీరాస్వామయ్య కన్నుమూశాడు. ఎదురుచూసే మనిషి ఒకరుంటే కలం సాగుతుంది. అది చెల్లెలైనా, వాట్సాప్‌లోని చిన్ననాటి స్నేహితుడైనా సరే.

రాసింది తోటివాళ్లకు చదివి వినిపించడం కూడా మేలే. ఏ ఆనవాలు చూసినా గుర్తురాని కొన్ని సంఘటనలు, ఆ రోజు పక్కనున్నవాళ్లు చెప్పాక వాగెనార్‌కు తిరిగి వచ్చాయి. కానీ వాళ్లు కలిపినదాన్ని మీ రాతలో కలిపేయకండి. పక్కవాళ్లు చెప్పినది కొన్నాళ్లకు మన కళ్లతో చూసినట్టే అనిపించడం జ్ఞాపకానికి మామూలే. పక్క మార్జిన్‌లో, ఎవరు చెప్పారో పేరుతో సహా, విడిగా రాసుకోండి.