పసుపు నీళ్లా? టీకా చుక్కా?



అంకాపూర్ నాటుకోడి కూర గురించి వినని వాళ్లు మన హాస్టల్‌లో ఉండరు. దాని కోసం ఎక్కడెక్కడి నుంచో ఆర్మూర్ పక్కకు జనం వస్తారు. కానీ ఆ కోడి పిల్లగా ఉన్నప్పుడు ఎన్ని గండాలు దాటి పెద్దదవుతుందో మనలో చాలామందికి తెలియదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, ఇప్పుడు పీజీ చదువుతున్నాను. అయినా పోయిన ఏడాది దాకా నాకూ తెలియదు.

మా అమ్మ బీడీలు చుడుతుంది. నాన్న పసుపు తవ్వే, ఉడకబెట్టే కూలికి పోతాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా సెలవులకు ఇంటికి పోతే, అమ్మ పొదిగించిన పదకొండు పిల్లలు నాలుగు రోజుల్లో చచ్చిపోయాయి. మెడలు వంకర తిరిగాయి, పచ్చగా పారుకున్నాయి. అమ్మ నీళ్లలో పసుపు కలిపి తాగించింది. మాది పసుపు పండే ఊరు, ఏ రోగానికైనా ముందు పసుపే. వాటిని పెంచి అమ్మి నాకు బూట్లు, సంచి కొనాలనుకుంది. చివరికి "మన చేతుల ఏమున్నది బిడ్డా" అని ఊరుకుంది.

మన చేతుల్లో ఉన్నదేమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

ఏ పిల్లలు తేవాలి?

నాటు పెట్ట 21 రోజులు పొదిగి పిల్లల్ని లేపుతుంది, తానే సాకుతుంది. గుడ్లు మాత్రం తక్కువ, ఏడాదికి 50, 60. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. అయితే ఈ పిల్లలు తల్లి లేకుండా డబ్బాలో వస్తాయి. తల్లి పని మనమే చేయాలి.

వెచ్చదనం

మొదటి వారం పిల్లల దగ్గర 35 డిగ్రీల వేడి ఉండాలి. తరువాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లకు రెండు వాట్ల లెక్కన మామూలు బల్బు పెడితే చాలు, అంటే ఇరవై పిల్లలకు ఒక 40 వాట్ల బల్బు. కింద రెండంగుళాల ఊక పోసి, మొదటి రెండు మూడు రోజులు దాని మీద కాగితం పరవాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా కూడితే చలి. దూరంగా పోయి నోళ్లు తెరిస్తే ఉక్క. చుట్టూ సమంగా తిరుగుతుంటే సరిపోయినట్టు. నీళ్ల గిన్నె లోతు లేకుండా ఉండాలి, అందులో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగవు. రాత్రి పిల్లి, పగలు గద్ద రాకుండా జాలి తప్పనిసరి.

అసలు గండం

ఆనాడు మా పిల్లల్ని చంపింది కొక్కెర తెగులు. దీన్నే రాణిఖేత్ వ్యాధి అంటారు. ఇది వైరస్ వల్ల వస్తుంది. వచ్చాక మందు లేదు, పసుపుతో తగ్గదు. రాకముందే టీకా వేయాలి. 5 నుంచి 7 రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో లసోటా టీకా ఒక చుక్క, నాలుగో వారంలో మళ్లీ ఒకసారి, 8 వారాలకు ఆర్2బి సూది.

ఇంత సులువైతే మన ఇళ్లల్లో ఎందుకు వేయించరు? కారణం సీసా. ఒక సీసాలో 100 కోళ్లకో అంతకంటే ఎక్కువకో సరిపడా టీకా ఉంటుంది. దాన్ని ఐసులోనే తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది పిల్లలున్న ఇల్లు ఒక్కటే దాన్ని తెప్పించుకోలేదు. వాడంతా ఒకే రోజు అనుకుంటే సీసా వృథా పోదు, పక్కింటి కోడి నుంచి రోగమూ రాదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో

కోడిపిల్లకు పొర కండరం ఉండదు. ఛాతీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. పసివాడు ప్రేమతో గట్టిగా పట్టుకుంటే చచ్చిపోతుంది. అందుకే కూర్చోబెట్టి, రెండు అరచేతుల్లో పెట్టి చూపించాలి.

పిల్లవాడికీ అపాయం ఉంది. హుషారుగా కనిపించే కోడిపిల్ల రెట్టలోనూ సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది నోట్లోకి పోతే విరేచనాలు, జ్వరం వస్తాయి. ఐదేళ్ల లోపు వారికి ఇది మరీ ప్రమాదం. కోడిపిల్లను ముద్దు పెట్టుకోనివ్వవద్దు, ముట్టిన వెంటనే సబ్బుతో చేతులు కడగాలి. పడుకునే చోట, వంట చేసే చోట గంప పెట్టవద్దు.

కోళ్లు ఒక్కసారిగా చస్తుంటే కోసుకుని తినవద్దు, ఒట్టి చేతులతో ముట్టవద్దు. పశువైద్యుడికి చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప బర్డ్ ఫ్లూతో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంటివాళ్లు చెప్పారు. మాంసమైనా గుడ్డయినా బాగా ఉడకాలి.

పోయిన ఏడాది

అక్కకు ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్లకు రోజూ గుడ్డు పెట్టాలని ఇరవై పిల్లల్ని తెచ్చాం. నేను ఇల్లిల్లూ తిరిగి, మా గల్లీలో తొమ్మిది ఇళ్లను ఒప్పించాను. ఒకే పొద్దున అందరి కోళ్లకూ చుక్కలు వేయించాం. రెండింటిని పిల్లి ఎత్తుకుపోయింది, రెండు చలికి పోయాయి. పదహారు బతికాయి. తొలి గుడ్డు అక్క చిన్న కొడుకు తిన్నాడు. అమ్మ ఇప్పటికీ నీళ్లలో చిటికెడు పసుపు వేస్తుంది, నేను వద్దనను. టీకా తేదీ మాత్రం గోడమీది క్యాలెండర్‌లో తానే గుర్తు పెట్టిస్తుంది.

తమ్ముళ్లారా, ఈ సెలవుల్లో ఇంటికి పోతే మీ వాడలో ఎన్ని కోళ్లున్నాయో లెక్క రాయండి. నూరు దాకా ఉంటే ఒక సీసాకు సరిపోతాయి. ఆ లెక్క రాసుకుని పశువైద్యశాలకు వెళ్లండి.